పెంటాక్స్ పెద్ద కెమెరా చేయాల్సిందా? మేము రూ.12,000 పోగొట్టుకున్నాక చదువుకున్న చరిత్ర



పోస్టు పొడుగ్గా ఉంటది, అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి. పోయినసారి పోడు పట్టాల మీద రాసినప్పుడు "చరిత్ర రాయండిరా, ఇంకా రాయండి" అన్నారు కదా. ఈసారి కెమెరాల చరిత్ర. కెమెరాలతో మనకేం పని అంటారేమో, ముందు ఆ పని ఏందో చెప్తాం.

మా రూములో ఐదుగురం. ఐదుగురి ఇళ్లల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మా తాతల కాలం ఫొటోలు మా ఇళ్లల్లో ఒక్కటి కూడా లేవు. 1940లో కుమ్రం భీం పోయాక నిజాం సర్కారు పంపితే హైమన్‌డార్ఫ్ మన అడవులకొచ్చి, మార్లవాయిలో ఉండి, గోండుల మీద పుస్తకాలు రాసిండు, ఫొటోలు తీసిండు. మంచి మనిషే, ఆయన సమాధి దగ్గర ఇప్పటికీ మనోళ్లు దండం పెడతారు. కానీ ఆ ఫొటోలు లండన్‌లో ఒక యూనివర్సిటీ దగ్గర ఉన్నయ్. మన ముఖాలు మన దగ్గర లేవు. అందుకే పోయినేడు చందా వేసుకుని ఒక కెమెరా కొందామనుకున్నాం. జాతర తీద్దాం, పచ్చబొట్లున్న అవ్వలను తీద్దాం, గుస్సాడీ టోపీ కట్టే పెద్దమనిషి చేతులు తీద్దాం అని.

కోఠి సందుల్లో ఒక సెకండ్ హ్యాండ్ షాపతను నల్లటి, బరువైన డీఎస్‌ఎల్‌ఆర్ చూపించిండు. "ఇది ఫ్లాగ్‌షిప్ తమ్ముడూ, ప్రొఫెషనల్. పేపరోళ్లు, ఒలింపిక్స్‌లో ఫొటోలు తీసేటోళ్లు వాడింది. అప్పట్లో మూడు లక్షలు. జిందగీ మొత్తం పని చేస్తది" అన్నడు. రూ.12,000కు ఇచ్చిండు. కంపెనీ పేరు రాయం, తప్పు వాళ్లదని మేము అనుకోవట్లేదు. కెమెరా నిజంగానే గట్టిది, కింద పడేసినా ఏం కాలేదు (ఒకసారి పడేసినం కూడా). చచ్చిపోయింది బ్యాటరీ. అది పాత రకం, ఇటుకంత బ్యాటరీ, కంపెనీ చేయడం ఆపేసి చాలా ఏండ్లయింది. ఊరికి పోయి అవ్వను వాకిట్లో కూర్చోబెట్టి పదకొండు ఫొటోలు తీసేసరికి తెర ఆరిపోయింది. మళ్లీ వెలగలేదు.

అప్పుడు మా మధ్య గొడవ మొదలైంది. ఇంత ఖర్చు పెట్టి ఇంత పెద్ద కెమెరా చేసిన కంపెనీ దాన్ని ఎందుకు వదిలేసింది? అసలు కంపెనీలు ఇట్లాంటివి ఎందుకు చేస్తాయి? చేయకపోతే ఏమైతది? లైబ్రరీలో, ఫోన్లో వెతుక్కుంటూ పోతే జపాన్ కంపెనీ పెంటాక్స్ కథ దొరికింది. "ఫ్లాగ్‌షిప్ చేయాలా, వద్దా" అన్న ఒక్క ప్రశ్న మీద ఆ కంపెనీ దాదాపు పదిహేనేండ్లు ఊగిసలాడింది.

ముందు రెండు మాటలు. అద్దం ఊపే కెమెరాను ఎస్‌ఎల్‌ఆర్ అంటారు. లెన్స్‌లోంచి వచ్చే వెలుగును లోపలి అద్దం మన కంటికి చూపిస్తది, బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తది, ఫొటో పడుతది. ఫిల్మ్ బదులు సెన్సర్ పెడితే డీఎస్‌ఎల్‌ఆర్. కంపెనీ చేసే వాటిలో అన్నింటికంటే పై మెట్టు మీద ఉండేది ఫ్లాగ్‌షిప్. వాన, దుమ్ము, చలి తట్టుకోవాలి, సెకనుకు ఎన్నో ఫొటోలు తీయాలి. వాటితోనే బతికే ఫొటోగ్రాఫర్ల కోసం చేస్తారు.

పెంటాక్స్ చిన్న కంపెనీ ఏం కాదు. అప్పటి పేరు అసాహి, పుట్టింది 1919లో. జపాన్‌లో మొదటి 35 ఎంఎం ఎస్‌ఎల్‌ఆర్ చేసింది వీళ్లే, 1952లో. 1960లలో వీళ్ల స్పాట్‌మాటిక్ ప్రపంచమంతా అమ్ముడుపోయింది. అయితే మొదటి నుంచీ వీళ్ల మనసు మామూలు జనం మీద. పేపరోళ్లను నికాన్ పట్టుకుంది, 1959లో వచ్చిన నికాన్ ఎఫ్‌తో. తర్వాత 1971లో ఎఫ్-1తో కానన్ వెంటపడింది. పెంటాక్స్ తన ప్రొఫెషనల్ ఎస్‌ఎల్‌ఆర్ తెచ్చేసరికి 1980. దాని పేరు ఎల్‌ఎక్స్, అంటే రోమన్ అంకెల్లో 60, కంపెనీకి అరవై ఏండ్లు నిండిన గుర్తు. మంచి కెమెరా అని ఇప్పటికీ అంటారు. కానీ అప్పటికే పేపరోళ్ల సంచుల్లో నికాన్ లెన్స్‌లు, కానన్ లెన్స్‌లు నిండిపోయినయ్. ఇది గుర్తుపెట్టుకోండి, కథంతా దీని చుట్టే తిరుగుతది.

డిజిటల్ ఎట్లా వచ్చిందో అందరికీ కొంత తెలుసు. 1975లో కొడాక్‌లో స్టీవ్ సాసన్ అనే ఇంజినీర్ మొదటి డిజిటల్ కెమెరా చేసిండు, ఒక ఫొటో క్యాసెట్ మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. 1991లో కొడాక్ ఒక నికాన్ ఎఫ్3కి తన సెన్సర్ తగిలించి అమ్మింది. ఫొటోలు దాచే పెట్టె వేరే, భుజానికి తగిలించుకోవాలి. ధర దాదాపు 20,000 డాలర్లు. ఫొటో 1.3 మెగాపిక్సెల్. ఇప్పుడు మన చేతుల్లో ఉన్న చవక ఫోన్ ముందు కెమెరా కూడా నయం. ఎనిమిదేండ్ల పాటు ఇట్లనే నడిచింది: ఒంటి భాగం నికాన్‌ది లేదా కానన్‌ది, లోపలి ప్రాణం కొడాక్‌ది, ధర ఇల్లు కొన్నంత.

1999లో నికాన్ డీ1 వచ్చింది. పూర్తిగా నికాన్ సొంతంగా చేసుకున్న డిజిటల్ కెమెరా. 2.7 మెగాపిక్సెల్, సెకనుకు నాలుగున్నర ఫొటోలు, ధర అయిదున్నర వేల డాలర్ల దగ్గర. చౌక కాదు. కానీ అంతకుముందు పదిహేను వేలు, ఇరవై వేలు పెట్టిన పత్రికలకు అది సగం కంటే తక్కువ ఖర్చు. ఫిల్మ్ కడిగే గదులు మూతపడటం అక్కడి నుంచే ఊపందుకుంది. కానన్ 2001లో 1డీతో వచ్చింది, సెకనుకు ఎనిమిది ఫొటోలు. 2002లో 1డీఎస్, 11 మెగాపిక్సెల్, ఫుల్ ఫ్రేమ్.

ఫుల్ ఫ్రేమ్ అంటే సెన్సర్ పాత ఫిల్మ్ ముక్కంత ఉండటం, 36 మిల్లీమీటర్ల పొడుగు, 24 వెడల్పు. డీ1 లాంటి వాటిలో దాని సగం కంటే చిన్న సెన్సర్ ఉండేది. పెద్దది పెట్టొచ్చు కదా అని మాకూ అనిపించింది. ఎందుకు పెట్టలేదో మా రూములో ఎలక్ట్రానిక్స్ చదివే అన్న ఇట్లా చెప్పిండు. ఒక పెద్ద గుడ్డ ఉంది, అక్కడక్కడా పురుగు కొట్టిన చిల్లులు పడ్డాయి. దాంట్లో చేతిరుమాళ్లు కోస్తే నాలుగైదు పాడైతయ్, మిగతావన్నీ బాగుంటయ్. అదే గుడ్డలో ధోవతులు కోస్తే? ప్రతి ధోవతికీ ఒక చిల్లు. సెన్సర్లు కోసే సిలికాన్ పలక కూడా అంతే. సైజు రెండింతలైతే ఖర్చు రెండింతలతో ఆగదు, ఎన్నో రెట్లు పోతది.

సరిగ్గా ఇక్కడే పెంటాక్స్ దూకబోయింది. 2000 సెప్టెంబర్‌లో జర్మనీలోని కొలోన్‌లో జరిగే ఫొటోకినా ప్రదర్శనలో ఫుల్ ఫ్రేమ్ డిజిటల్ కెమెరా నమూనా పెట్టింది. 6 మెగాపిక్సెల్, సెన్సర్ ఫిలిప్స్‌ది. ఎంజెడ్-డీ అని పిలిచేవాళ్లు. ఆలోచించండి, కానన్ 1డీఎస్ ఇంకా రెండేండ్లకు గానీ రాదు. పెంటాక్స్ లెన్స్‌లు పట్టుకుని ఎదురుచూసేవాళ్లకు పండగే. 2001 అక్టోబర్‌లో కంపెనీ చల్లగా చెప్పింది: చేయడానికి అయ్యే ఖర్చు చూస్తే మేం అనుకున్న జనానికి అమ్మలేం, ఆపేస్తున్నాం. అంతే, పోయింది.

దీని మీదనే మా రూములో రెండు రాత్రులు వాదన. కామర్స్ చదివే తమ్ముడు "మంచి పని చేసింది" అంటడు. వాని దగ్గర గట్టి సాక్ష్యం ఉంది. అదే ఫిలిప్స్ సెన్సర్‌తో ఇంకో కంపెనీ, క్యోసెరా, ఆగకుండా కెమెరా చేసింది. కాంటాక్స్ ఎన్ డిజిటల్, 2002లో. పేరు పెద్దది, జైస్ లెన్స్‌లు, ఫుల్ ఫ్రేమ్. ఎవరూ పెద్దగా కొనలేదు. సెన్సర్ తక్కువ వెలుగులో ఆగేది కాదు, కరెంటు తాగేది. 2005లో కాంటాక్స్ మొత్తానికే మూసుకుంటున్నామని క్యోసెరా ప్రకటించింది. అంటే పెంటాక్స్ తప్పించుకున్న గుంత ఎంత లోతుదో పక్కోడు పడి చూపించిండు.

ఈ మాట మేము ఒప్పుకున్నాం. 2001లో ఆపడం తప్పు కాదు. కానీ ఒలింపస్ కథ చదివాక వాదన ఇంకో దారి పట్టింది.

ఒలింపస్ భయపడలేదు, చేసింది. 2003లో ఈ-1. వానలో తడిసినా ఏం కాదు, సెన్సర్ మీద దుమ్మును దులిపే ఏర్పాటు మొదట పెట్టింది ఇదే. ప్రొఫెషనల్స్ కోసమే అని చెప్పుకుంది. తర్వాతి పెద్ద కెమెరా ఈ-3 వచ్చేసరికి 2007. నాలుగేండ్లు! ఆ నాలుగేండ్లలో కానన్ తన 1డీని 2004లో ఒకసారి, 2005లో ఇంకోసారి, 2007లో మరోసారి మార్చింది. పెండ్లిళ్లకు ఫొటోలు తీసి బతికే మనిషి ఏం చేస్తడు? ఒక కంపెనీ నాలుగేండ్లు మాట్లాడకపోతే లెన్స్‌లు అమ్ముకుని పక్క కంపెనీకి పోతడు. ఒకసారి పోయినోడు మళ్లీ రాడు, ఎందుకంటే ఒక కంపెనీ లెన్స్ ఇంకో కంపెనీ కెమెరాకు పట్టదు. కెమెరా మార్చడం అంటే సంచి మొత్తం మార్చడమే.

ఇక్కడ మాకు అర్థమైంది ఏందంటే, నికాన్, కానన్ అమ్మింది కెమెరా ఒక్కటే కాదు. ఒలింపిక్స్ జరిగితే స్టేడియం పక్కనే ఆ రెండు కంపెనీల సర్వీసు గదులు ఉంటయ్. కెమెరా పాడైతే అక్కడే బాగు చేస్తరు, అప్పటిదాకా ఇంకోటి చేతికిస్తరు. లక్షల ధర ఉండే 400, 600 ఎంఎం లెన్స్‌లు ఒక్క రోజుకు అప్పిస్తరు. ఆటలు టీవీలో చూసేటప్పుడు గోల్‌పోస్ట్ వెనకాల వరసగా తెల్లటి పొడుగు గొట్టాలు కనిపిస్తయ్ చూడండి, ఎక్కువ శాతం కానన్‌వే. ఫ్లాగ్‌షిప్ చేస్తే ఇవన్నీ చేయాలి, పదేండ్లు, ఇరవై ఏండ్లు చేయాలి. ఇవి లేని ఫ్లాగ్‌షిప్ అంటే రోడ్డు లేని ఊరికి బస్సు కొనిచ్చినట్టు. మన ఊళ్లకు అంబులెన్స్ ఇచ్చి వాగు మీద వంతెన మరిచిపోయినట్టు అని కూడా అనొచ్చు, ఆ సంగతి ఇంకోసారి రాస్తాం.

మినోల్టా సంగతి త్వరగా చెప్తాం. 1985లో ఆటోఫోకస్‌ను ఎస్‌ఎల్‌ఆర్‌ ఒంట్లోనే పెట్టి మాక్సమ్ 7000తో అందరినీ దాటేసింది. అమెరికా కంపెనీ హనీవెల్ పేటెంట్ కేసు వేసింది, 1992లో మినోల్టా 12 కోట్ల డాలర్లకు పైగా కట్టాల్సి వచ్చింది. ఆ దెబ్బ ఎంతకాలం తగిలిందో గానీ, డిజిటల్ కాలంలో ఆలస్యమైంది. 2003లో కొనికాతో కలిసింది, 2004లో 7డీ తెచ్చింది, పై మెట్టు 9 నంబర్ డిజిటల్‌లో రానేలేదు. 2006 జనవరిలో కెమెరాలు వదిలేస్తున్నామని ప్రకటించి సామానంతా సోనీకి అప్పజెప్పింది.

మళ్లీ పెంటాక్స్ దగ్గరికి వద్దాం. పెద్దది ఆపేశాక 2003లో *ఇస్ట్ డీ అని చిన్న కెమెరా తెచ్చింది (పేరు ముందు ఆ చుక్క గుర్తు నిజంగానే ఉంటది, ఎట్లా పలకాలో కంపెనీకే తెలియాలి). 2006లో కే10డీ. వాన పడినా తట్టుకుంటది, చేయి వణికితే సెన్సరే సర్దుకుంటది, ధర వెయ్యి డాలర్ల లోపు. పక్క కంపెనీల్లో ఖరీదైన వాటికే ఉండే వానరక్షణను మామూలోడికి ఇచ్చింది. బాగా అమ్ముడుపోయింది. కంపెనీ చేతిలో నాలుగు పైసలు ఆడినయ్. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ల ఖర్చు కూడా అప్పటికి దిగుతూ ఉంది: కానన్ 5డీ 2005లో 3,300 డాలర్లకు వచ్చింది, 2008లో నికాన్ డీ700, సోనీ ఏ900 మూడు వేల డాలర్లకు. చేయాల్సిన సమయం ఇదే అని మా లెక్క. 2001లో "వద్దు" సరైన జవాబైతే, 2008లో అదే "వద్దు" తప్పు జవాబు.

మరి ఎందుకు చేయలేదు? అప్పుడు పెంటాక్స్ తన చేతిలో తాను లేదు. 2007లో హోయా అనే అద్దాల కంపెనీ దాన్ని కొన్నది, పై కుర్చీల్లో పెద్ద కొట్లాట జరిగి అధ్యక్షుడు దిగిపోయిండు. హోయాకు కావాల్సింది పెంటాక్స్ దగ్గరున్న ఎండోస్కోప్‌లు, అంటే డాక్టర్లు కడుపులోకి పంపి చూసే గొట్టాలు. అది మా ఊహ కాదు. 2011లో కెమెరాలను రికోకు అమ్మేసినప్పుడు ఎండోస్కోప్‌లను హోయా తన దగ్గరే ఉంచుకుంది. కెమెరా మీద నిర్ణయం కెమెరా మీద మనసు లేనోళ్ల చేతిలో పడింది. ఇట్లాంటి సంగతి మనకు వేరే చెప్పాలా?

మధ్యలో 2010లో పెంటాక్స్ 645డీ అని ఫుల్ ఫ్రేమ్ కంటే కూడా పెద్ద సెన్సర్, 40 మెగాపిక్సెల్ కెమెరా తెచ్చింది, పది వేల డాలర్ల దగ్గర. కొండలు, తోటలు నిదానంగా తీసేవాళ్లకు. పరుగెత్తే మనిషిని తీసేవాళ్లు, 1975 నుంచి కే మౌంట్ లెన్స్‌లు పోగేసుకున్నవాళ్లు మాత్రం ఎదురుచూస్తూనే ఉన్నారు.

చివరికి 2016లో కే-1 వచ్చింది. ఫుల్ ఫ్రేమ్, 36 మెగాపిక్సెల్, 1,800 డాలర్లు. రెండేండ్ల ముందు అదే 36 మెగాపిక్సెల్‌తో వచ్చిన నికాన్ డీ810 ధర 3,300. చీకట్లో లెన్స్ మార్చుకోవడానికి చిన్న లైట్లు కూడా పెట్టిండ్రు. 1975 నాటి లెన్స్ తెచ్చి పెట్టినా పని చేస్తది. 2018లో కే-1 మార్క్ 2 వచ్చినప్పుడు పాత కే-1 ఉన్నోళ్లు కెమెరా పంపిస్తే, లోపలి బోర్డు మార్చి డబ్బు తీసుకుని కొత్తదానిలా చేసిచ్చిండ్రు. మా రూములో అందరికీ నచ్చిన సంగతి ఇదే. కానీ 2010లో ప్రపంచంలో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు పోయినయ్, 2020కి వచ్చేసరికి 90 లక్షలు కూడా లేవు. ఫోన్లు మింగేసినయ్. కే-1 మంచి భోజనమే, విస్తరి ఎత్తేసే వేళకు వచ్చింది.

సోనీ ఏం చేసిందో చూడండి. 2006లో మినోల్టా సామాను తీసుకుంది, 2008లో ఏ900 చేసింది, అది నికాన్, కానన్‌లను కదిలించలేదు. కానీ సెన్సర్ల ఫ్యాక్టరీ దానిదే. అద్దం తీసేసి మిర్రర్‌లెస్ దారి పట్టింది, 2017లో ఏ9. 2020 జూలైలో అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ తన ఫొటోగ్రాఫర్లందరికీ సోనీ కెమెరాలే ఇస్తానని చెప్పింది. పద్నాలుగేండ్లు పట్టింది. అదే 2020లో కానన్ 1డీఎక్స్ మార్క్ 3, నికాన్ డీ6 వచ్చినయ్. ఆ రెండు ఇళ్లల్లో అద్దం ఉన్న ఫ్లాగ్‌షిప్‌లకు అవే ఆఖరు. నికాన్ 2021లో జెడ్9 తెచ్చింది, దాంట్లో అద్దమే కాదు, కదిలే షటర్ కూడా లేదు. పెంటాక్స్ మాత్రం 2020లోనే మేం అద్దం వదలం అని ప్రకటించి, 2021లో కే-3 మార్క్ 3 చేసింది. మొండితనమో, మాట నిలబెట్టుకోవడమో మీరే చెప్పండి. మా రూములో మూడు–రెండు.

మా మాట ఇది: పెంటాక్స్ పేపరోళ్ల ఫ్లాగ్‌షిప్ చేయకపోవడమే మంచిదైంది, స్టేడియం పక్కన గది పెట్టే స్థోమత లేదు కాబట్టి. తన లెన్స్‌లు కొన్నవాళ్ల కోసం కే-1 లాంటిది మాత్రం ఎనిమిదేండ్ల ముందే చేయాల్సింది. కామర్స్ తమ్ముడు ఇప్పటికీ ఒప్పుకోడు. "అప్పుడు చేస్తే 2009కే మునిగేది" అంటడు. వాన్ని గ్రూపులో ట్యాగ్ చేస్తున్నాం, కింద కామెంట్లలో కొట్టుకుందాం.

మళ్లీ చందా మొదలుపెట్టినం, ఇప్పటికి రూ.9,400 అయినయ్. ఈసారి ఫ్లాగ్‌షిప్ వద్దనుకున్నాం. మండలంలో పెండ్లి ఫొటోలు తీసే అన్నలు ఏ కంపెనీ వాడుతుంటే అదే కంపెనీలో కింది మెట్టు కెమెరా కొంటాం. బ్యాటరీ అయిపోతే అడిగి తెచ్చుకోవచ్చు, లెన్స్ ఒక పూట అప్పు తీసుకోవచ్చు. పెంటాక్స్ కొందామని మనసు లాగింది గానీ, బ్యాటరీ ఉందా అని అడిగితే షాపతను పేరు ఇంకోసారి చెప్పమన్నడు.

ఇంకొక్క పని ఉంది, సాయం చేయండి. పాత కెమెరాలో ఉన్నది మైక్రోడ్రైవ్. కార్డులాగే కనిపిస్తది, లోపల చిన్న హార్డ్ డిస్క్ తిరుగుతది. మామూలు సీఎఫ్ కార్డు కంటే మందం, ఆన్‌లైన్‌లో తెప్పించిన రీడర్‌లో దూరలేదు. కెమెరాకున్న ఫైర్‌వైర్ తీగకు ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో రంధ్రమే లేదు. సీఎఫ్ టైప్ 2 పట్టే పాత రీడర్ హైదరాబాద్‌లో గానీ, వరంగల్‌లో గానీ, ఏ అన్న దగ్గరైనా మూల పడి ఉంటే చెప్పండి, బస్సెక్కి వచ్చి తీసుకుంటాం. అవ్వ ఫొటోలు పదకొండూ అందులోనే ఉన్నయ్. ఊరికి పోయిన ప్రతిసారీ "నా బొమ్మలేవి బిడ్డా" అని అడుగుతుంది.